థాంక్స్‌గివింగ్ డబ్బాలు, పెట్టెలు: ఏవి కొనాలి, ఏవి షాపులోనే వదిలెయ్యాలి

నవంబరు వచ్చిందంటే అమెరికాలో ఏ కిరాణా షాపులోనైనా తలుపు దగ్గరే ఒక గుట్ట కనబడుతుంది. నారింజరంగు గుమ్మడి డబ్బాలు, ఎర్రటి క్రాన్‌బెర్రీ డబ్బాలు, టర్కీ పక్కన వడ్డించే రొట్టె ముక్కల స్టఫింగ్ పెట్టెలు, మష్రూమ్ సూపు, వేయించిన ఉల్లిపాయలు, పక్కనే ఫ్రీజరు నిండా టర్కీలు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. 1863లో లింకన్ ప్రకటనతో దేశమంతటికీ పండగైంది, 1941లో చేసిన చట్టంతో నాలుగో గురువారం ఖాయమైంది. ఆ రోజు భోజనంలో సగం ఈ గుట్టలోంచే వస్తుంది.

ఈ సమీక్ష అక్కడ ఉన్న తెలుగు ఇళ్ళ కోసం. ఒకే బల్ల దగ్గర మాంసం తినేవాళ్ళు, గుడ్డు వరకు సరేననేవాళ్ళు, గుడ్డు కూడా ముట్టనివాళ్ళు కూర్చునే ఇళ్ళు అవి. పిల్లలు మాత్రం పంప్కిన్ పై (పిండి తొడుగులో గుమ్మడి గుజ్జు పోసి కాల్చే తీపి వంటకం) ఉండాల్సిందేనంటారు. ఏ వస్తువు రుచి ఎలా ఉంది, ఎక్కడ చెడుతుంది, శాకాహారులకు పనికొస్తుందా అనేవే ఇక్కడి కొలతలు. ముందే ఒక మాట: డబ్బాలో పదార్థం ఒక్కటే ఉంటే దాదాపు ఎప్పుడూ కొనదగ్గదే. డబ్బాలో చేసేసిన వంట ఉంటే మాత్రం వెనక్కి తిప్పి, సన్న అక్షరాలు చదివాకే బుట్టలో వెయ్యాలి.

లిబ్బీస్ గుమ్మడి డబ్బా

ఈ గుట్టలో మొదటి మార్కు దీనికే. 15 ఔన్సుల డబ్బాలో, అంటే 425 గ్రాముల్లో, ఉండేది గుమ్మడి గుజ్జు ఒక్కటే. ఉప్పు లేదు, చక్కెర లేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో మోర్టన్ ఊరి చుట్టుపక్కల పండే డికిన్సన్ రకం కాయల్ని ఆ ఊళ్ళోనే ఉడికించి డబ్బాలకెత్తుతారు. పంటంతా దాదాపు ఒకే ప్రాంతంలో ఉండడం వల్ల 2009లో అక్కడ వానలు ఆగకుండా కురిసేసరికి దేశమంతా డబ్బాలకు కరువొచ్చింది.

డికిన్సన్ చూడడానికి హాలోవీన్ గుమ్మడిలా ఉండదు. లేత గోధుమరంగు తోలు, కోలగా ఉండే ఆకారం. వృక్షశాస్త్రం లెక్కలో మన తియ్యగుమ్మడి, ఇక్కడి బటర్‌నట్, ఈ డికిన్సన్ ఒకే జాతివి. హాలోవీన్‌కి ముఖం చెక్కే కాయ వేరే జాతి, అందులో నీరెక్కువ, పీచెక్కువ, తీపి తక్కువ. పండగయ్యాక మిగిలిన ఆ కాయతో పై చేద్దామని మొదలుపెడితే గుజ్జంతా నీళ్ళోడుతుంది. తాజా కాయతోనే చెయ్యాలనుకుంటే ఇండియన్ షాపులో ముక్కలుగా అమ్మే ఎర్ర గుమ్మడో బటర్‌నట్టో తీసుకుని, ఉడకబెట్టకుండా అవెన్‌లో కాల్చి, గుజ్జు చేసి, పలచని గుడ్డలో గంటసేపు వడకట్టండి. అంత చేసినా డబ్బా గుజ్జు చిక్కదనం వస్తుందన్న నమ్మకం లేదు.

కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. అదే షెల్ఫులో, అదే రంగులో పంప్కిన్ పై మిక్స్ అని ఇంకో డబ్బా ఉంటుంది. అందులో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి. అది తెచ్చి మళ్ళీ ముప్పావు కప్పు చక్కెర పోస్తే నోట పెట్టలేం. ‘100 శాతం ప్యూర్ పంప్కిన్’ అని ఉన్నదే తీసుకోవాలి.

1950 నుంచి డబ్బా మీద అచ్చవుతున్న పై వంట ఇప్పటికీ నమ్మదగినదే. గుమ్మడి డబ్బా ఒకటి, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ పాల డబ్బా ఒకటి, గుడ్లు రెండు, చక్కెర ముప్పావు కప్పు, దాల్చినచెక్క పొడి ఒక టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, శొంఠి పొడి అర టీస్పూన్, లవంగాల పొడి పావు టీస్పూన్. అన్నీ కలిపి తొమ్మిది అంగుళాల లోతైన పై పిండిలో పోసి, 425 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 15 నిమిషాలు, తరువాత 350కి తగ్గించి 40 నుంచి 50 నిమిషాలు. బయటికి తీశాక రెండు గంటలు చల్లారాలి.

మసాలాల దగ్గర మన ఇళ్ళకు ఒక లాభం, ఒక ప్రమాదం. పంప్కిన్ పై స్పైస్ అని అమ్మే చిన్న సీసా అసలు అక్కర్లేదు, ఇంట్లో మసాలా డబ్బాలో దాల్చినచెక్క, శొంఠి, లవంగం ఎలాగూ ఉంటాయి. అప్పటికప్పుడు దంచిన పొడి వాసనకు సీసా పొడి సరితూగదు. ప్రమాదం కూడా అక్కడే. తాజాగా దంచిన లవంగం ఘాటు ఎక్కువ, కాబట్టి పావు టీస్పూన్ అన్నచోట తలగొట్టి పావు, అంతే. కాస్త ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది, పై కాస్తా పంటినొప్పి మందులా ఉంటుంది.

చెడిపోయే చోట్లు మూడు. మధ్యలో పగులు వచ్చిందంటే ఎక్కువసేపు కాల్చారని అర్థం. ఇది నిజానికి కస్టర్డు. గుడ్డు బిగుసుకున్నాక కూడా వేడి తగులుతూ ఉంటే కుంచించుకుపోయి పగులుతుంది, నీరు వదులుతుంది. అంచులు గట్టిపడి, నడిమధ్య రెండు అంగుళాల మేర ఇంకా జున్నులా వణుకుతుండగానే తీసెయ్యాలి. థర్మామీటరు ఉంటే నడుమ 175 డిగ్రీలు చాలు. రెండోది, అడుగు పిండి పచ్చిగా, తడిగా ఉండిపోవడం. పల్చటి అల్యూమినియం పళ్ళెంలో వచ్చే ఫ్రోజెన్ పిండితో ఇది తరచుగా జరుగుతుంది. అవెన్ వేడెక్కేటప్పుడే ఒక ఇనప బేకింగ్ షీటు కింది అరలో పెట్టి, పైని నేరుగా ఆ వేడి షీటు మీద ఉంచితే అడుగు కాలుతుంది. మూడోది ఎవాపరేటెడ్ పాలకీ కండెన్స్‌డ్ పాలకీ తేడా చూసుకోకపోవడం. రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది చిక్కబెట్టిన పాలు, రెండోది సగానికి దగ్గరగా చక్కెర.

పిండి గురించి శాకాహారులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి. చల్లటి అరలో దొరికే కొన్ని రకాల పై పిండిలో లార్డ్ ఉంటుంది. లార్డ్ అంటే పంది కొవ్వు. పెట్టె ముందువైపు దాని ఊసే ఉండదు, వెనక పదార్థాల పట్టీలోనే కనబడుతుంది. వెజిటబుల్ షార్టెనింగ్ (డాల్డా లాంటిది) లేదా వెన్న అని రాసి ఉన్నదే కొనండి. ఇంట్లో కలుపుకున్నా కష్టమేం కాదు: మైదా కప్పుంబావు, చల్లటి వెన్న ఒక స్టిక్కు (అర కప్పు), ఉప్పు పావు టీస్పూన్, ఐసు నీళ్ళు మూడు నాలుగు టేబుల్‌స్పూన్లు. పూరీపిండిలా మర్దించకూడదు. వెన్న శనగగింజంత ముక్కలుగా పిండిలో కనబడుతూ ఉండాలి, ఆ ముక్కలు కరిగినచోటే పొరలు విడతాయి.

గుడ్డు తిననివాళ్ళకు: అదే గుమ్మడి డబ్బా, చిక్కటి కొబ్బరిపాల డబ్బా ఒకటి, బెల్లం పొడి లేదా చక్కెర ముప్పావు కప్పు, మొక్కజొన్న పిండి పావు కప్పు, అవే మసాలాలు. ముందు మొక్కజొన్న పిండిని కాసిని కొబ్బరిపాలలో ఉండ కట్టకుండా కలిపి, తరువాత మిగతావి చేర్చాలి. 350 డిగ్రీల్లో గంట. ఇక్కడ వణుకు చూసి తీయకూడదు. పిండి ఉడికితేనే చిక్కబడుతుంది గనుక అంచుల్లో బుడగలు రావాలి. తీసినప్పుడు జారుగానే ఉంటుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కోతకొస్తుంది. అంచేత ఇది బుధవారమే చేసేసుకోవాలి.

29 ఔన్సుల పెద్ద డబ్బా తెస్తే సగం పైకి, సగం హల్వాకి సరిపోతుంది. ఉడికిన గుజ్జు కాబట్టి తురిమే పని లేదు. నేతిలో ఏడెనిమిది నిమిషాలు తడి పోయేదాకా వేయించితే డబ్బా వాసన పోతుంది, ఆ తరువాతే బెల్లం వెయ్యాలి. దప్పళానికి మాత్రం పనికిరాదు, ముక్క ఉండదు. తెరిచిన డబ్బాలో మిగిలినదాన్ని గాజు గిన్నెలోకి తీసి మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యండి, లేదంటే ఫ్రీజరులో పెట్టండి.

ఓషన్ స్ప్రే క్రాన్‌బెర్రీ: డబ్బా, సంచి

ఓషన్ స్ప్రే రైతుల సహకార సంఘం, 1930లో ఏర్పడింది. క్రాన్‌బెర్రీలు మాసచుసెట్స్, విస్కాన్సిన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఇసుక, మన్ను కలిసిన చిత్తడి మడుల్లో పండుతాయి. దేశంలోని పంటలో సగానికి పైగా విస్కాన్సిన్‌దే. నీళ్ళలో తేలుతున్న ఎర్ర కాయల బొమ్మలు చూసి వరిలా నీటిలో పెరుగుతాయనుకుంటారు గానీ కాదు. కోతప్పుడే మడికి నీరు పెడతారు. కాయలో గాలి గదులు ఉంటాయి కాబట్టి పైకి తేలుతుంది.

డబ్బాలో వచ్చే జెల్లీ కార్న్ సిరప్ బాగా దట్టించిన తీపి పులుపు. వడ్డించినప్పుడు డబ్బా గీతలు దాని ఒంటి మీద కనబడతాయి, అమెరికన్ ఇళ్ళలో చాలామందికి ఆ గీతలుంటేనే పండగ. దీనికి మా తీర్పు: వంటగా చూస్తే మామూలు, పక్కన నంజుకోవడానికి మాత్రం బాగుంటుంది. మసాలా పట్టించిన టర్కీ ముక్క పక్కన చల్లటి జెల్లీ ముక్క ఒకటి పెడితే రెంటి రుచీ తేలుతుంది. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. జెల్లీ అన్నారు కదా అని జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందనుకోనక్కర్లేదు, కాయలోని పెక్టిన్ అనే జిగురుతోనే గడ్డకడుతుంది.

డబ్బా తెరవడంలో ఒక కిటుకు ఉంది. దాని మీద కాగితం తలకిందులుగా అంటించి ఉంటుంది. గుండ్రటి అంచు పైకి, మూత అంచు కిందికి. అలా నిలబెట్టినప్పుడు లోపలి గాలి గుండ్రటి కొసకు చేరుతుంది. తిప్పి మూత తీసి, అంచు వెంట పల్చటి చాకు ఒక చుట్టు తిప్పితే గాలి ఒత్తిడికి ముద్ద చెక్కుచెదరకుండా పళ్ళెంలోకి జారుతుంది. గరిటెతో తవ్వితే ముక్కలైపోతుంది.

అయితే తెలుగువాళ్ళు అసలు కొనవలసింది డబ్బా కాదు, 12 ఔన్సుల తాజా కాయల సంచి. ఇది ఆకురాలే కాలంలోనే దొరుకుతుంది, డిసెంబరు దాటితే కనబడడం కష్టం. సంచి మీద ఉన్న సాస్ వంట తేలిక: చక్కెర కప్పు, నీళ్ళు కప్పు మరిగించి, కాయలు పోసి పది నిమిషాలు సన్నమంట మీద. కాయలు టపటపా పేలుతుంటే పెక్టిన్ బయటికొస్తుంది, చల్లారాక చిక్కబడుతుంది. వేడి మీద పలచగా ఉందని ఇంకా మరిగిస్తే రబ్బరులా తయారవుతుంది.

ఈ కాయ నోట్లో పడగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది వాక్కాయ. అదే ముక్కుసూటి పులుపు, అదే కొసన కాస్త వగరు. అందుకే గోంగూర, వాక్కాయ సులువుగా దొరకని ఊళ్ళలో తెలుగు ఇళ్ళు దీన్ని పప్పులోకి, పచ్చడిలోకి, పులిహోరలోకి లాగేసుకున్నాయి. కొలతలు ఇవి.

పచ్చడికి ఒక సంచి కాయలు, నూనె నాలుగు టేబుల్‌స్పూన్లు, ఎండుమిరపకాయలు పది పన్నెండు, మెంతులు అర టీస్పూన్, ఆవాలు టీస్పూన్, వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉప్పు టీస్పూన్నర. ముందు మెంతులు ఎర్రగా వేయించి ఆవాలు, మిరపకాయలతో కలిపి పొడి కొట్టుకోవాలి. కాయల్ని మిగిలిన నూనెలో మూతపెట్టి మగ్గించాలి. మూత తప్పనిసరి, పేలి నూనె చిందుతుంది. ఆరేడు నిమిషాల్లో మెత్తబడతాయి, మెదిపి పొడి కలిపి తాలింపు వెయ్యడమే. చింతపండు జోలికి పోవద్దు. పులుపు మరీ కొడితే బెల్లం చిన్న ముక్క. ఇది ఫ్రిజ్ పచ్చడి, ఊరగాయ కాదు, వారం పది రోజుల్లో తినెయ్యాలి.

పప్పుకి కప్పు కందిపప్పుకు కప్పు కాయలు. రెండూ కలిపి కుక్కరులో పెట్టకండి. పులుపు తగిలిన పప్పు సరిగా ఉడకదు, గింజ గింజగా మిగిలిపోతుంది. పప్పు విడిగా మెత్తగా ఉడికాక, పచ్చిమిర్చితో మగ్గించిన కాయలు చేర్చాలి. పులిహోరకి రెండు కప్పుల బియ్యానికి కప్పున్నర కాయలు సరి.

ఎండబెట్టిన క్రాన్‌బెర్రీల సంచి వీటికి బదులు కాదు, అందులో చక్కెర కలిపే ఎండబెడతారు. తాజా సంచులు నాలుగైదు కొని, కడక్కుండా అలాగే ఫ్రీజరులో పడేస్తే ఏడాది నిలుస్తాయి. వాడేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మూకుట్లో వెయ్యొచ్చు. ఈ సమీక్షలో ఒక్క వస్తువే కొనమంటే ఇదే కొనమంటాం.

బీన్స్ క్యాసరోల్ జంట: క్యాంప్‌బెల్స్ సూపు, ఫ్రెంచెస్ ఉల్లిపాయలు

1955లో న్యూజెర్సీలోని కేమ్‌డెన్‌లో, క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటగదిలో డార్కస్ రైలీ బృందం తయారుచేసిన వంట ఇది, బీన్స్‌ను చిక్కటి సూపుతో కలిపి అవెన్‌లో కాల్చేది. ఇంట్లో ఎప్పుడూ ఉండే సరుకులతో అయిపోవాలన్నది వాళ్ళ షరతు. క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూపు 10.5 ఔన్సుల డబ్బా, పాలు అర కప్పు, సోయా సాస్ టీస్పూన్, మిరియాల పొడి చిటికెడు, ఉడికిన బీన్స్ నాలుగు కప్పులు, వేయించిన ఉల్లిపాయలు కప్పున్నరకు కాస్త తక్కువ. ఉల్లిపాయల్లో సగం లోపల కలిపి 350 డిగ్రీల్లో 25 నిమిషాలు, ఒకసారి కలిపి మిగతా సగం పైన చల్లి ఇంకో అయిదు నిమిషాలు. మొదటే అంతా పైన చల్లితే మాడతాయి.

సూపు డబ్బా మీద కండెన్స్‌డ్ అని ఉంటుంది. మామూలుగా తాగడానికైతే డబ్బాడు నీళ్ళు పొయ్యమంటుంది, ఇక్కడ పొయ్యకూడదు. ఉప్పు అసలు వేయొద్దు, సూపులోను, సోయాలోను, ఉల్లిపాయల్లోను ఉన్నదే చాలా ఎక్కువ. బీన్స్ ఫ్రోజెన్‌వి వాడితే పూర్తిగా కరిగించి, నీరు పిండి వెయ్యాలి. డబ్బా బీన్స్ మెత్తబడిపోయి ఉంటాయి, మన నాలుకకు నచ్చవు. మూడు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి, మిరియాలు అర టీస్పూన్‌కి పెంచితే కానీ ఈ వంటకు ప్రాణం రాదు.

శాకాహారులకు: సూపులో మాంసం పేరు కనబడదు గానీ ‘ఫ్లేవరింగ్’ అన్న మాట ఉంటుంది, మడి పట్టింపు ఉన్నవాళ్ళకు అది చాలకపోవచ్చు. అలాంటప్పుడు రెండు టేబుల్‌స్పూన్ల వెన్నలో 200 గ్రాముల పుట్టగొడుగులు వేయించి, రెండు టేబుల్‌స్పూన్ల మైదా వేసి, కప్పుంబావు పాలు కొద్దికొద్దిగా పోస్తూ చిక్కబెడితే పావుగంటలో అంతకంటే మంచిది తయారు. డబ్బాకంటే ఇది నూటికి నూరుపాళ్ళు మేలు.

ఉల్లిపాయల డబ్బాను మాత్రం మెచ్చుకోవాలి. కరకర నిలుస్తుంది, పులావు పైనా పెరుగుపచ్చడి పైనా చల్లుకోవచ్చు. దమ్ బిర్యానీ లోపల పొరల్లో వేయకండి. వాటికి గోధుమపిండి పూత ఉంటుంది, ఆవిరికి ఆ పూత జిగురై మెతుకుల్ని ముద్ద చేస్తుంది.

స్టవ్ టాప్ స్టఫింగ్

1972 నుంచి అమ్ముతున్న పెట్టె. కప్పున్నర నీళ్ళు, నాలుగు టేబుల్‌స్పూన్ల వెన్న మరిగించి, ఆరు ఔన్సుల రొట్టె తుంపులు వేసి మూతపెట్టి దించితే అయిదు నిమిషాల్లో తయారు. చెప్పినంత పనీ చేస్తుంది. కానీ ఉప్పు ఎక్కువ, తినేటప్పుడు మెత్తటి ఉప్మాలా నోటికి అంటుకుంటుంది, పైన కరకరలాడే పొర రాదు. చికెన్, టర్కీ అని పేరున్న రకాల్లో మాంసపు రసం కలిసి ఉంటుంది. రొట్టె ముక్కలే కదా అని శాకాహారులకు వడ్డించేస్తారు, అది ఘోరమైన పొరపాటు.

ఇది షాపులోనే వదిలెయ్యమని మా సలహా. ఒక పౌను రొట్టె ముక్కలు కోసి రాత్రంతా ఆరబెట్టండి. ఒక స్టిక్కు వెన్నలో ఉల్లిపాయ, సెలరీ చెరో కప్పు మగ్గించి, సేజ్ అనే వాసన ఆకు ఎండుది రెండు టీస్పూన్లు, కూరగాయలు ఉడికించిన నీళ్ళు రెండు కప్పులు కలిపి 350 డిగ్రీల్లో ముందు మూతతో అరగంట, తరువాత మూత తీసి పదిహేను నిమిషాలు. థైమ్ అనే ఇంకో వాసన ఆకు కూడా వేస్తారు, అది ఇంట్లో లేకపోతే అర టీస్పూన్ వాము నలిపి వేయండి. థైమ్ వాసనకు, వాము వాసనకు మూలం ఒకటే, థైమాల్ అనే పదార్థం.

యామ్ డబ్బా, మార్ష్‌మెలో

డబ్బా మీద యామ్ అని ఉన్నా లోపల ఉండేది చిలగడదుంప. రాయలసీమవాళ్ళ గెనుసుగడ్డ, తెలంగాణవాళ్ళ మొరంగడ్డ. లోపలి రంగు నారింజ, అంతే తేడా. కోస్తాలో పులుసు పెట్టుకునే కందకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. పాకంలో నానిన డబ్బా దుంప చప్పగా, అతిమెత్తగా ఉంటుంది. తాజా దుంపలు 400 డిగ్రీల్లో తొక్కతోనే ముప్పావుగంట కాలిస్తే తేనెలాంటి పాకం వాటంతట అవే కారతాయి, ఖర్చూ తక్కువే.

వీటి మీద మార్ష్‌మెలోలు (దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయిలు) పరిచి కాల్చడం 1917లో ఒక మార్ష్‌మెలో కంపెనీ వేయించిన వంటల పుస్తకంతో వ్యాపించిన అలవాటు. మామూలు మార్ష్‌మెలోలో జెలటిన్ ఉంటుంది, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. జెలటిన్ లేని డాండీస్ లాంటివి దొరుకుతాయి, అవి కాస్త ఆలస్యంగా కరుగుతాయి. లేదంటే పీకాన్ పప్పులు, బెల్లం, వెన్న కలిపి చల్లండి, ఇంకా బాగుంటుంది.

ఫ్రోజెన్ టర్కీ

మనిషికి పౌను నుంచి పౌనున్నర లెక్క. నలుగురైదుగురికైతే మొత్తం పక్షి దండగ, ఎముకతో ఉన్న రొమ్ము భాగం అయిదారు పౌన్లది తెచ్చుకుంటే చాలు. అందులో తొడ ఉండదు కాబట్టి మాంసం అంతా ఒకేసారి ఉడుకుతుంది.

లేబుల్ మీద ‘ఇన్ని శాతం ద్రావణం కలిపినది’ అని ఉందేమో చూడండి. బటర్‌బాల్ లాంటి చాలా ఫ్రోజెన్ టర్కీల్లో ఉప్పునీరు ముందే ఎక్కించి ఉంటుంది. కొత్తగా వండేవాళ్ళకు అది మేలే, కాస్త ఎక్కువసేపు ఉన్నా ఎండిపోదు. కానీ దాన్ని మళ్ళీ ఉప్పునీటిలో నానబెడితే, మసాలాలో మామూలుగా ఉప్పు వేస్తే తినలేం. గ్రేవీ ఇంకా ఉప్పెక్కుతుంది. ద్రావణం లేని పక్షికైతే ప్రతి అయిదు పౌన్లకు టేబుల్‌స్పూన్ కోషర్ ఉప్పు (ముతక ఉప్పు) రాసి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి.

కరిగించడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌన్లకు ఒక పూర్తి రోజు పడుతుంది. 12 పౌన్ల పక్షిని గురువారం వండాలంటే ఆదివారమే ఫ్రీజరులోంచి కిందికి దించాలి. కరిగాక ఇంకో రోజో రెండు రోజులో ఫ్రిజ్‌లో ఉన్నా ఫరవాలేదు, కాబట్టి ముందుగానే దించితే నష్టం లేదు. బుధవారం రాత్రి గుర్తొస్తే చల్లటి నీళ్ళే గతి: పౌనుకు అరగంట, ప్రతి అరగంటకూ నీళ్ళు మార్చాలి, అంటే 12 పౌన్లకు ఆరు గంటలు. గట్టు మీద రాత్రంతా వదిలేస్తే పైన వెచ్చబడి, లోపల గడ్డగానే ఉంటుంది. 40 నుంచి 140 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి.

మన ఇళ్ళలో మాంసం తెస్తే పసుపు, ఉప్పు వేసి కడగనిదే పొయ్యెక్కదు. టర్కీ విషయంలో ఆ అలవాటు మానాలి. అంత పెద్ద పక్షిని సింకులో కడిగితే నీటి తుంపర్లతో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా సూక్ష్మజీవి గట్టంతా చేరుతుంది. పక్కనే పెరుగుపచ్చడికి తరిగిన కీరదోస ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ కూడా కడగొద్దనే చెబుతుంది. టిష్యూ కాగితంతో అద్ది, ఆ కాగితం పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మెడ వైపు, పొట్ట వైపు రెండుచోట్లా చెయ్యిపెట్టి చూడండి, మెడ ముక్క, గుండె, కందనకాయ ఉన్న పొట్లాలు ఉంటాయి. వాటితో గ్రేవీకి రసం కాచుకోవచ్చు.

మసాలా చర్మం పైన రాస్తే లోపలికి దిగదు. ఉప్పు ఒక్కటే మాంసంలోకి లోతుగా పోతుంది. అల్లంవెల్లుల్లి ముద్ద రెండు టేబుల్‌స్పూన్లు, ధనియాల పొడి టేబుల్‌స్పూన్, కారం, మిరియాలు రెండేసి టీస్పూన్లు ఒక స్టిక్కు మెత్తటి వెన్నలో కలిపి, రొమ్ము చర్మం కింద వేళ్ళు దూర్చి లోపల పూయండి. పైన నూనె, మిరియాలు, చిటికెడు పసుపు చాలు. అల్లంవెల్లుల్లి పైన రాస్తే మూడు గంటల వేడికి నల్లబడి చేదెక్కుతుంది. పెరుగు పట్టిస్తే తందూరీ రంగు వస్తుంది గానీ తోలు కరకరలాడదు.

325 డిగ్రీల్లో 8 నుంచి 12 పౌన్ల పక్షికి రెండుంముప్పావు నుంచి మూడు గంటలు, 12 నుంచి 14 పౌన్లకు మూడు నుంచి మూడుంముప్పావు గంటలు. ఇది అంచనాయే. తీర్పు చెప్పేది థర్మామీటరు: రొమ్ము మందంగా ఉన్నచోట, తొడ లోపలివైపు, రెక్క లోపలివైపు మూడుచోట్లా 165 రావాలి. ముల్లు ఎముకకు తగిలితే తప్పు చూపిస్తుంది. కొన్ని పక్షులకు గుచ్చి వచ్చే ప్లాస్టిక్ బుడిపెను నమ్మొద్దు, అది ఒక్క చోటి వేడినే చెబుతుంది. దించాక ఇరవై నిమిషాలు ఆగి కొయ్యాలి.

శాకాహారుల కోసం అమ్మే టోఫర్కీ రోస్టు 1995 నుంచి ఉంది. టోఫు, గోధుమ గ్లూటెన్‌తో చేస్తారు. నమలడానికి గట్టిగా, కాస్త చప్పగా ఉంటుంది. వండేముందు దాని మీద ఉన్న ప్లాస్టిక్ తొడుగు తీసెయ్యడం మరిచిపోకూడదు. మాంసం రుచి ఎన్నడూ ఎరగనివాళ్ళకు మాంసాన్ని పోలిన ముద్ద వడ్డించడంలో అర్థం లేదు. వాళ్ళకు గుత్తివంకాయో, కాలీఫ్లవర్ మొత్తం పువ్వు మసాలా పట్టించి కాల్చిందో చెయ్యండి.

మిగిలిన టర్కీని బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచకుండా ఎముకల నుంచి ఒలిచి, లోతు తక్కువ గిన్నెల్లో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు వస్తుంది. శుక్రవారం ఫ్రైడ్ రైసుకి, ఎముకలు మిరియాల రసానికి. పండగ మర్నాటి నుంచి షాపుల్లో ఈ గుట్టకు ధర తగ్గిస్తారు. అప్పుడు గుమ్మడి డబ్బాలు ఆరేడు, క్రాన్‌బెర్రీ సంచులు ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకోండి. గుమ్మడి రెండేళ్ళ పైన నిలుస్తుంది, జెల్లీ డబ్బా పులుపు సరుకు కాబట్టి ఏడాదిన్నర లోపు వాడెయ్యాలి.